కార్డు వెనక 1-800 నంబరు మెక్సికోలో ఎందుకు ఫ్రీ కాదు?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. ఈమధ్య నాలుగు రోజులు మెక్సికో వెళ్ళొచ్చాం. రెండో రోజే క్రెడిట్ కార్డు పనిచెయ్యడం మానేసింది. కార్డు వెనక ఉన్న 1-800 నంబరుకి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదట హోటల్ గదిలోని ఫోను నుంచి. ఇంగ్లీషులో ఏదో రికార్డు వినిపించింది, అదేమిటో అర్థమయ్యేలోపే లైను కలిసింది. పది నిమిషాలు మాట్లాడాక కట్ అయింది. గది ఖాళీ చేసేటప్పుడు దానికి విడిగా చార్జీ వేశారు. రెండోసారి నా సెల్లు నుంచి 800తో మొదలుపెట్టి కొడితే ఎవరో స్పానిష్‌లో పలికారు, పెట్టేశాను. మూడోసారి ముందు ప్లస్ 1 పెట్టి కొడితే బ్యాంకు దొరికింది గానీ 38 నిమిషాలు పట్టింది. ఇప్పుడు సెల్లు బిల్లులో ఆ 38 నిమిషాలకీ, స్పానిష్ కాల్‌కీ కూడా డబ్బు పడింది. టోల్‌ఫ్రీ అంటే ఉచితం కదా? ఈ డబ్బు వెనక్కి వస్తుందా? వచ్చే నెల కెనడా వెళ్తున్నాం. అక్కడా ఇంతేనా?

సమాధానం: టోల్‌ఫ్రీ కాల్‌కి డబ్బు లేకపోవడమంటూ ఉండదు. మీ బదులు అవతలివాళ్ళు కడతారు, అంతే తేడా. ఎక్కడెక్కడి నుంచి వచ్చే కాల్స్‌కి కడతామని మీ బ్యాంకు తన టెలిఫోను కంపెనీతో ఒప్పుకుందో, ఫ్రీ అన్న మాట అంతవరకే చెల్లుతుంది. ఇక్కడ చూడాల్సింది మీరు ఏ దేశంలో నిలబడ్డారని కాదు, మీ కాల్ ఏ దేశపు నెట్‌వర్కులో పుట్టిందని. మీరు చేసిన మూడు కాల్స్‌కీ ఒకే నంబరు, ఒకే ఊరు. అయినా మూడూ మూడు దారుల్లో వెళ్ళడానికి కారణం ఇదే.

అమెరికాలో 800 నంబర్లని ఏటీ అండ్ టీ 1967లో మొదలుపెట్టింది. అవి చాలక తర్వాత 888, 877, 866, 855, 844, 833 వచ్చి చేరాయి. ఈ ఏడింటిలో దేనితో మొదలైనా అది టోల్‌ఫ్రీయే. మామూలు నంబరులా ఇది ఒక ఊరికో, ఒక ఎక్స్ఛేంజీకో కట్టుబడి ఉండదు. మీరు నొక్కగానే మీ ఫోను కంపెనీ ఒక ఉమ్మడి డేటాబేస్‌ని అడుగుతుంది: ఈ నంబరు ఎవరిది, కాల్‌ని ఏ కంపెనీకి అప్పగించాలి? జవాబును బట్టి కాల్‌ని అటు మళ్ళిస్తుంది. ఆ కాల్‌కి అయ్యే డబ్బు మీ దగ్గర కాకుండా అవతలివైపే వసూలవుతుంది.

దేశాల మధ్య డబ్బు నడిచే తీరు దీనికి సరిగ్గా తలకిందులు. మెక్సికోలో పుట్టిన కాల్ అమెరికాలో ముగిస్తే, మెక్సికో కంపెనీ అమెరికా కంపెనీకి డబ్బు కట్టాలి. టోల్‌ఫ్రీ అని చెప్పి ఆ ప్రవాహాన్ని వెనక్కి తిప్పాలంటే ముందే ప్రత్యేకమైన ఒప్పందం ఉండాలి. అది లేనప్పుడు మెక్సికో కంపెనీ ముందున్నవి రెండే దారులు: కాల్‌ని అసలు కలపకపోవడం, లేదా మామూలు అంతర్జాతీయ కాల్‌గా లెక్కగట్టి మీ దగ్గర వసూలు చెయ్యడం. కొన్ని కంపెనీలు ముందుగా ‘ఈ కాల్ ఉచితం కాదు, వద్దనుకుంటే ఇప్పుడే పెట్టెయ్యండి’ అని రికార్డు వినిపించి మరీ కలుపుతాయి. హోటల్లో మీకు వినిపించింది అదే అయ్యుంటుంది. కొన్నిచోట్ల ఆ హెచ్చరిక కూడా ఉండదు.

హోటల్ కాల్ సంగతి అలా తేలింది. దాంట్లో ఇంకో పొర కూడా ఉంటుంది. గది ఫోను నుంచి బయటికి వెళ్ళే ప్రతి కాల్‌కీ హోటళ్ళు సొంతంగా కొంత కలిపే అలవాటు ఎప్పటినుంచో ఉంది. టోల్‌ఫ్రీ అయినా సరే ‘లైను వాడుకున్నందుకు’ అని వేస్తారు. గదిలో ఫోను పక్కన పెట్టిన కార్డులోనో, ఫైలులోనో ఆ రేటు రాసి ఉంటుంది. విమానాశ్రయాల్లో, టూరిస్టులు తిరిగే చోట్ల ‘అమెరికాకి సులువుగా ఫోన్ చేసుకోండి, క్రెడిట్ కార్డు చాలు’ అని బోర్డు పెట్టిన ఫోన్లు ఇంతకంటే అన్యాయం. వాటిని ముట్టుకోకండి. రెండు నిమిషాల మాట తడిసి మోపెడవుతుంది.

రెండో కాల్ ఆసక్తికరమైనది. మెక్సికోకి తన సొంత టోల్‌ఫ్రీ నంబర్లు ఉన్నాయి, అవీ 800తోనే మొదలవుతాయి. ఒకప్పుడు వాటికి ముందు 01 కొట్టాల్సి వచ్చేది కాబట్టి తేడా తెలిసేది. 2019 ఆగస్టు 3 నుంచి దేశమంతా పది అంకెల డయలింగ్‌కి మారి ఆ 01 పోయింది. ఇప్పుడు అక్కడి 800 నంబరూ అమెరికా 800 నంబరూ చూడ్డానికి అచ్చం ఒకటే: 800, తర్వాత ఏడు అంకెలు. ఉదాహరణకి మీ కార్డు మీద 1-800-555-0199 అని ఉందనుకోండి. ముందున్న 1 వదిలేసి 800 555 0199 కొడితే మెక్సికో నెట్‌వర్కు దాన్ని తన నంబరుగానే చదువుకుంటుంది. ఆ నంబరు అక్కడ ఏ కంపెనీది అయితే వాళ్ళే ఎత్తుతారు. మీకు స్పానిష్ వినిపించింది అందుకే. అలా ఎత్తినవాళ్ళు ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడినా కార్డు నంబరు చెప్పకండి. బాగా తెలిసిన నంబర్లకి ఒక అంకె తేడాలో ఉండే నంబర్లు తీసుకుని, పొరపాటున వచ్చే కాల్స్ కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు ఉన్నారు. ‘మీకు గిఫ్టు కార్డు వచ్చింది’ అని మొదలైతే అది మీ బ్యాంకు కాదు.

మూడో కాల్‌లో నంబరు సరిగ్గానే కొట్టారు. డబ్బు పడింది నంబరు వల్ల కాదు, రోమింగ్ వల్ల. మెక్సికో టవర్ని వాడుకున్నందుకు మీ సెల్లు కంపెనీ నిమిషానికి ఇంతని వేస్తుంది. అవతలి నంబరు టోల్‌ఫ్రీయా కాదా అని రోమింగ్ మీటరు చూడదు. అమెరికాలో ఉన్నప్పుడు కూడా టోల్‌ఫ్రీ వల్ల మిగిలేది దూరానికి పడే చార్జీయే, ఫోను వాడిన నిమిషాలు ప్లానులోంచి పోతూనే ఉంటాయి. ప్లాన్లన్నీ అన్‌లిమిటెడ్ అయ్యాక ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. మెక్సికో, కెనడా కలిపి ఇచ్చే ప్లాన్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మీకు నిమిషాల లెక్కన పడిందంటే మీ ప్లానులో అది లేదు, లేదా రోజుకింతని కట్టి విదేశంలో ప్లాను వాడుకునే రోజువారీ పాస్ ఆన్ అవ్వలేదు.

38 నిమిషాలు ఎందుకైందో కూడా చూడండి. మీటరు మనిషి ఎత్తినప్పుడు మొదలవదు. ‘ఇంగ్లీషుకి ఒకటి నొక్కండి’ అన్న యంత్రం ఎత్తిన క్షణానే లైను కలిసినట్టు లెక్క. మెనూ, కార్డు నంబరు నొక్కడం, హోల్డులో పాటలు, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మార్చడం, అన్నీ మాట్లాడిన నిమిషాలే. పైగా రోమింగ్‌లో సాధారణంగా పై నిమిషానికి పెంచి లెక్కేస్తారు. 37 నిమిషాల 5 సెకన్లు మాట్లాడినా బిల్లులో 38. స్పానిష్ కాల్ పది సెకన్లే అయినా ఒక నిమిషం.

‘మా స్నేహితుడు అదే హోటల్లో తన సెల్లు నుంచి 800 కొడితే మామూలుగానే కలిసిందే’ అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. అదీ నిజమే కావచ్చు. కొత్త పద్ధతిలో 4జీ మీద నడిచే రోమింగ్ కాల్‌ని చాలావరకు మీ సొంత కంపెనీయే అమెరికాలో నడిపిస్తుంది. విదేశీ టవరు కేవలం దారి ఇస్తుంది, అంకెల్ని చదివేది ఇంటి నెట్‌వర్కే. అప్పుడు 1 లేకుండా కొట్టినా అమెరికా 800కే వెళ్తుంది. పాత పద్ధతిలో, అంటే ఫోను 3జీకి దిగినప్పుడో, రెండు కంపెనీల మధ్య ఆ ఏర్పాటు లేనప్పుడో, అంకెల్ని అక్కడి నెట్‌వర్కే చదువుతుంది. ఒకే ఫోను పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ప్రవర్తించడానికి కారణం ఇదే. అందుకే సరిహద్దు దాటాక ప్రతి నంబరూ ప్లస్‌తో మొదలుపెట్టి, దేశం కోడుతో సహా పూర్తిగా కొట్టడం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి. ప్లస్ కోసం 0 మీద కాసేపు నొక్కి పట్టుకోవాలి.

ఇక డబ్బు సంగతి. ముందు సెల్లు కంపెనీ వెబ్‌సైటులోంచి వివరాల బిల్లు దించుకోండి. ప్రతి కాల్‌కీ తేదీ, మొదలైన సమయం, కొట్టిన నంబరు, నిమిషాలు, అది రోమింగ్‌గా పడిందా అంతర్జాతీయ కాల్‌గా పడిందా అన్నది ఉంటుంది. ఒకే కాల్‌కి రెండూ పడి ఉంటే అది తప్పకుండా అడగాల్సిన విషయం. తర్వాత కంపెనీతో చాట్‌లో మాట్లాడండి, ఫోనులో వద్దు, చాట్ అయితే రాత మిగులుతుంది. ‘తప్పుగా వేశారు’ అని మొదలుపెడితే నెగ్గరు, ఎందుకంటే రోమింగ్ చార్జీ వాళ్ళ నిబంధనల ప్రకారమే పడింది. ‘ఆ తేదీలకి రోజువారీ పాస్ వెనక తేదీతో వర్తింపజేసి తేడా సర్దండి’ అని అడగండి. ఇవ్వాలన్న నియమం లేదు. ఇస్తే వాళ్ళ మంచితనం. కాబట్టి బిల్లు గడువు దాటకముందే అడగడం మేలు. స్పానిష్ కాల్‌ని విడిగా ప్రస్తావించండి, ఒక్క నిమిషం కాబట్టి పెద్దగా బేరమాడరు.

బ్యాంకుని కూడా వదలకండి. కార్డుని ఆపింది వాళ్ళు. మీరు ప్రయాణం గురించి ముందే చెప్పి ఉండీ ఆపి ఉంటే మీ మాట ఇంకా బలమైనది. బిల్లు పేజీ జతచేసి బ్యాంకు సైటులోని మెసేజ్ పెట్టెలో రాయండి. నన్నడిగితే మూడింటిలో ఎక్కువ ఆశ ఇక్కడే. హోటల్ డబ్బు మాత్రం మర్చిపోండి. రేటు గదిలో రాసి ఉంటే వాదనకి చోటు లేదు. రాసి లేదని మీకు ఖాయంగా తెలిస్తేనే ఉత్తరం రాయండి. సెల్లు బిల్లులో నిజంగానే లెక్క తప్పి, కంపెనీ ఒప్పుకోకపోతే అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఉచితంగా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. అది కంపెనీకి చేరాక 30 రోజుల్లో జవాబివ్వాలి. రేటు ఎక్కువనిపించిందని మాత్రం అక్కడికి వెళ్ళి లాభం లేదు.

కెనడా కథ వేరు, కాస్త సుఖం. అమెరికా, కెనడా, కరీబియన్‌లో చాలా దేశాలు +1 కింద ఒకే నంబర్ల పద్ధతిలో ఉన్నాయి. టోల్‌ఫ్రీ డేటాబేస్ కూడా కెనడాకీ అమెరికాకీ ఉమ్మడిదే. కాబట్టి స్పానిష్ కంపెనీ లాంటి పొరపాటు అక్కడ జరగదు. అయితే ఉమ్మడి పద్ధతి అంటే ఉమ్మడిగా ఫ్రీ అని కాదు. నంబరు తీసుకున్న సంస్థ కెనడా నుంచి వచ్చే కాల్స్‌కి కూడా కడతానని ఎంచుకుంటే అక్కడి ల్యాండ్‌లైన్ నుంచి నిజంగానే ఫ్రీ. ఎంచుకోకపోతే ‘మీరు ఉన్న ప్రాంతం నుంచి ఈ నంబరుకి కలపలేము’ అన్న అర్థంలో రికార్డు వస్తుంది. అప్పుడు డబ్బేమీ పోదు, పని మాత్రం కాదు. మీ బ్యాంకు సైటులో నంబరు పక్కన ‘అమెరికా, కెనడా నుంచి’ అని ఉందా, ‘అమెరికా నుంచి’ అనే ఉందా చూడండి. మీ అమెరికా సిమ్‌తోనే చేస్తే మళ్ళీ రోమింగ్ మీటరు సంగతే ముఖ్యం, ప్లానులో కెనడా ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోవాలి.

కరీబియన్ దీవులకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అవి +1లో ఉన్నాయని అమెరికాలో భాగంలా అనిపిస్తుంది. జమైకా 876, డొమినికన్ రిపబ్లిక్ 809, బహామాస్ 242, బ్రిటిష్ వర్జిన్ దీవులు 284, చూడ్డానికి ఏదో అమెరికా ఊరి ఏరియా కోడ్‌లా ఉంటాయి. కానీ అమెరికా నుంచి వాటికి చేస్తే అంతర్జాతీయ రేటే. ఒక్కసారి మోగి ఆగిపోయి, మీరు తిరిగి చెయ్యాలని చూసే మోసాలు ఈ కోడ్‌లతోనే నడుస్తాయి.

ఇప్పుడు బయల్దేరే ముందు చెయ్యాల్సింది. అన్నిటికంటే మొదట, బ్యాంకు మామూలు నంబరు సంపాదించండి. కార్డు వెనక టోల్‌ఫ్రీ కింద చిన్న అక్షరాల్లో ‘విదేశాల నుంచి’ అని ఇంకో నంబరు ఉంటుంది, దాని మొదటి మూడంకెలు (ఏరియా కోడ్) 800, 888 లాంటి ఆ ఏడింటిలో ఉండవు. పక్కన ‘కాల్ కలెక్ట్’ అని కూడా ఉండొచ్చు. అంటే ఆపరేటరు ద్వారా చేస్తే డబ్బు బ్యాంకే కడుతుందని. చెప్పడానికి బాగానే ఉంది గానీ, సెల్లు నుంచి కలెక్ట్ కాల్ సాధారణంగా వెళ్ళదు, ఆపరేటర్లు కూడా చాలా దేశాల్లో కనుమరుగయ్యారు. ఆ మాటని నమ్ముకోకుండా నంబరుని మాత్రం తీసుకోండి. ఫోనులో +1తో సేవ్ చేసి, ఇంటి దగ్గరే ఒకసారి కొట్టి చూడండి, సరైనచోటే మోగుతోందో లేదో తెలుస్తుంది. కార్డు పోతే దాని వెనకున్న నంబరూ పోతుంది కాబట్టి ఒక కాగితం మీద కూడా రాసి వేరే సంచిలో పెట్టుకోండి. నంబరు అంకెలకి బదులు అక్షరాల్లో ఉంటే అప్పుడే అంకెల్లోకి మార్చి రాసుకోండి. హెచ్-ఇ-ఎల్-పి అని ఉంటే 4-3-5-7. గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన నంబరుకి చెయ్యడం మాత్రం వద్దు, బ్యాంకుల పేరుతో దొంగ నంబర్లు అక్కడే పెడతారు.

రెండోది వైఫై కాలింగ్. నా లెక్కలో అన్నిటికంటే మంచి దారి ఇది. మీ సొంత సిమ్, మీ సొంత నంబరు, కానీ కాల్ టవర్ మీద కాకుండా ఇంటర్నెట్ మీద నేరుగా అమెరికాలోని మీ కంపెనీకి చేరి అక్కడ పుడుతుంది. అమెరికా పెద్ద కంపెనీలు విదేశం నుంచి ఇలా అమెరికా నంబరుకి చేసే కాల్‌ని సాధారణంగా ఇంట్లోంచి చేసినట్టే లెక్కేస్తాయి. కార్డు మీది 1-800 కూడా అచ్చం ఇంట్లో పనిచేసినట్టే పనిచేస్తుంది. రెండు జాగ్రత్తలున్నాయి. ఈ సదుపాయాన్ని అమెరికాలో ఉండగానే ఆన్ చేసుకోవాలి. అత్యవసర సేవల కోసం చిరునామా నమోదు చెయ్యమంటుంది, అది విదేశంలో ఒక్కోసారి మొరాయిస్తుంది. రెండోది, హోటల్లో కూర్చుని చేసేటప్పుడు ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చెయ్యండి. లేకపోతే మాట మధ్యలో వైఫై బలహీనపడగానే ఫోను చప్పుడు లేకుండా మెక్సికో టవర్ మీదకి దూకుతుంది, అక్కణ్ణుంచి మీటరు తిరుగుతుంది. తెర పైన కంపెనీ పేరు పక్కన ‘వైఫై’ అన్న మాట కనిపిస్తేనే నొక్కండి. ఇలా చేసేటప్పుడు మెక్సికోలోని రెస్టారెంటుకి కాల్ చేస్తే అది అమెరికా నుంచి మెక్సికోకి చేసిన అంతర్జాతీయ కాల్ అవుతుంది, మర్చిపోకండి.

వైఫై కాలింగ్ కుదరకపోతే మామూలు ఫోన్లకి కాల్ చేసే ఇంటర్నెట్ యాప్ ఏదైనా. అమెరికాలో గూగుల్ వాయిస్ ఎక్కువ వాడకంలో ఉంది, దాన్నీ అమెరికా నంబరుతో, అమెరికాలో ఉండగానే తెరుచుకోవాలి. వాట్సాప్ దీనికి పనికిరాదు, అది వాట్సాప్ ఉన్నవాళ్ళకే చేస్తుంది. ఇలాంటి యాప్‌తో బ్యాంకుకి చేస్తే రెండు చిక్కులొస్తాయి. మీ నంబరు వాళ్ళకి కనిపించదు కాబట్టి యంత్రం మిమ్మల్ని గుర్తుపట్టదు, కార్డు నంబరంతా నొక్కాలి. నొక్కిన అంకెలు ఒక్కోసారి అవతల చేరవు, రెండుసార్లు పడతాయి. యాప్ లోపలి కీప్యాడ్‌నే వాడి, స్పీకరు ఆపి, ఒక్కో అంకెకీ మధ్య అర సెకను ఆగి నొక్కితే చాలావరకు సరిపోతుంది. బ్యాంకు పంపే ఓటీపీ మీ సిమ్‌కే వస్తుంది కాబట్టి సిమ్ తీసి పక్కన పెట్టెయ్యకండి.

అసలు కాల్ లేకుండా పని అవుతుందేమో ముందు చూడండి. కార్డు ఆగిపోయిన కేసుల్లో చాలావాటికి బ్యాంకు యాప్‌లో ‘ఈ కొనుగోలు మీదేనా’ అన్న ప్రశ్నకి అవునంటే చాలు. చాట్ ఉంటే ఇంకా మంచిది. యాప్‌లో ‘మాకు కాల్ చెయ్యండి’ అన్న బటన్ ఉంటుంది, అది చాలావాటిలో అదే టోల్‌ఫ్రీ నంబరుని మీ ఫోను డయలర్లో పెడుతుంది, అంతే. యాప్‌లోంచి చేశాం కదా, ఇంటర్నెట్ కాల్ అనుకుంటే మోసపోతారు. ‘మేమే తిరిగి చేస్తాం’ అంటే ఒప్పుకోవచ్చు గానీ, రోమింగ్‌లో వచ్చే కాల్‌కీ డబ్బు పడే ప్లాన్లున్నాయి. అప్పటికి వైఫై కాలింగ్ మీద ఉండండి.

సరిహద్దు ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఇంకో తంటా ఉంది. ఎల్ పాసో, లారెడో లాంటి చోట్ల నది ఇవతలే నిలబడ్డా ఫోను అవతలి టవర్ పట్టుకుంటుంది. డెట్రాయిట్‌లో, నయాగరా దగ్గర కెనడా టవర్లతోనూ ఇదే. మీరు దేశం దాటలేదు, కాల్ దాటింది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్కు ఎంపికని ‘ఆటోమేటిక్’ నుంచి తీసేసి మీ కంపెనీ పేరు చేత్తో ఎంచుకోండి, లేదా ఆ ఊళ్ళో ఉన్నంతసేపు రోమింగ్ ఆపేయండి. తిరిగొచ్చాక మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరిచిపోతే వేరే రకం తిప్పలు, ఇంటి దగ్గరే సిగ్నల్ లేదని తల పట్టుకుంటారు.

కొన్ని కంపెనీల సైట్లలో +800తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. అది +1 800 కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నడిపే, దేశాలకి అతీతమైన టోల్‌ఫ్రీ. 800 అక్కడ ఏరియా కోడ్ కాదు, దేశం కోడు ఉండే స్థానంలో ఉంటుంది, తర్వాత ఎనిమిది అంకెలు. మెక్సికో నుంచి 00 800, అమెరికా, కెనడాల నుంచి 011 800 అని మొదలుపెట్టాలి. ఆ కంపెనీ ఏ దేశాల్లో నమోదు చేసుకుందో ఆ దేశాల నుంచే పనిచేస్తుంది, అక్కడ కూడా ల్యాండ్‌లైన్ నుంచి ఖాయంగా, సెల్లు నుంచి అనుమానంగా. మీ కార్డు నంబరుకి 1 వదిలేసి ముందు ప్లస్ పెట్టారంటే ఈ +800 పద్ధతిలోకి వెళ్తుంది. ఏడంకెలే ఉన్నాయి కాబట్టి ఎక్కడా మోగదు.

మిగతా దేశాల టోల్‌ఫ్రీలదీ ఇదే తీరు, అంకెలే వేరు. బ్రిటన్ 0800 నంబర్లు 2015 జులై 1 నుంచి అక్కడి సెల్లుల్లోంచి కూడా ఉచితం, కానీ బయటి నుంచి +44 800 కొడితే కలవకపోవచ్చు, కలిస్తే డబ్బు పడొచ్చు. ఇండియా 1800 నంబర్లు బయటి దేశాల నుంచి చాలావరకు కలవవు. 1860తో మొదలయ్యేవి ఇండియాలోనే ఉచితం కావు, లోకల్ కాల్ రేటు పడుతుంది. అక్కడి బ్యాంకు అయినా +91 తర్వాత ఊరి కోడుతో ఉన్న మామూలు నంబరే వెతుక్కోవాలి.

ఆన్‌లైన్‌లో వెతికితే మెక్సికో నుంచి 800కి బదులు 001-880, 888కి బదులు 881, 877కి బదులు 882 కొట్టమన్న సలహా ఇప్పటికీ దొరుకుతుంది. అది డబ్బు మనమే కట్టుకుని టోల్‌ఫ్రీ నంబరుని చేరుకోవడానికి ఒకప్పుడు పెట్టిన అడ్డదారి. ఫ్రీ అప్పుడూ కాదు, ఇప్పుడు దాని జోలికి వెళ్ళే అవసరమూ లేదు. స్కైప్‌లో టోల్‌ఫ్రీకి ఊరికే చేసుకోవచ్చన్న మాట కూడా చాలాచోట్ల ఉంది. స్కైప్‌ని 2025 మేలో మూసేశారు.